తీర్థంలో జెయింట్ వీల్ ఎక్కేముందు: అంతర్వేదిలో పిల్లలతో ఒక పూట

మా నాన్న రంగులరాట్నం తిప్పేవాడు. కర్ర గుర్రాల రాట్నం. దానికి కరెంటు లేదు, ఇంజను లేదు. మధ్యలో పాతిన స్తంభం, దాని చుట్టూ ఆరు గుర్రాలు, రెండు ఏనుగులు, చంటిపిల్లల కోసం రెండు కుర్చీలు. నాన్న ఒక గుర్రం పక్కన పరిగెడుతూ తోసేవాడు. ఊపందుకున్నాక పక్కకి తప్పుకుని, దగ్గరికి వచ్చిన గుర్రాన్నల్లా అరచేత్తో ఒక్క తోపు తోసి వదిలేవాడు. సంక్రాంతికి కోనసీమలో ప్రభల తీర్థాలు, మాఘమాసంలో అంతర్వేది, శివరాత్రికి కోటిపల్లి, ఆ తర్వాత ఎండాకాలమంతా ఊళ్లలో అమ్మవారి జాతరలు. మా ఇంట్లో నెలలు అలా లెక్కపెట్టుకునేవాళ్లం.

నేను ఆ పనిలోకి వెళ్లలేదు. పాలకొల్లులో మోటార్లు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాను. కానీ రాట్నాలవాళ్లతో సంబంధం తెగలేదు, సీజన్ మొదలయ్యేముందు వాళ్ల మోటార్లు నా దగ్గరికే వస్తాయి. ఏటా అంతర్వేది తీర్థానికి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్తాను. ఈ సంగతి తెలిసినవాళ్లు తీర్థం దగ్గరపడగానే ఫోన్ చేసి అడుగుతుంటారు. "పిల్లల్ని జెయింట్ వీల్ ఎక్కించొచ్చంటారా?", "ఏ రోజు వెళ్తే బాగుంటుందండీ?" అని. విడివిడిగా అందరికీ చెప్పేదంతా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను. నేను అంతర్వేది గురించే చెబుతున్నా, ఇందులో చాలా భాగం మన గోదావరి జిల్లాల్లో ఏ తీర్థానికైనా, ఊరి బయట మైదానంలో వేసే ఏ ఎగ్జిబిషన్‌కైనా పనికొస్తుంది.

ఏ రోజు, ఎలా

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి. మర్నాడు భీష్మ ఏకాదశి, ఆ మధ్యాహ్నం రథం లాగుతారు. పౌర్ణమినాడు చక్రస్నానం, సముద్రం ఒడ్డంతా జనమే. ఈ మూడూ దేవుడి కోసం వెళ్లాల్సిన రోజులు. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని రాట్నాల కోసం వెళ్లాల్సినవి కావు. మధ్యలో ద్వాదశి నుంచి చతుర్దశి వరకు చూసుకోండి. నేనైతే త్రయోదశి అంటాను. రాట్నాలు అక్కడే ఉంటాయి, జీళ్ల కొట్లు అక్కడే ఉంటాయి, తిప్పేవాళ్లకి కూడా కాస్త కన్ను మూతపడి ఉంటుంది. ఈ చివరి మాట తేలిగ్గా తీసుకోకండి. ఏకాదశి నాడు రాట్నం దగ్గర నిలబడినవాడు ముందురోజు సాయంత్రం నుంచి నిలబడే ఉంటాడు. ఆ రోజు మా నాన్నకి కూర్చుని తినే తీరికే ఉండేది కాదు. ఒక బ్యాచి దిగి ఇంకో బ్యాచి ఎక్కే సందులో అమ్మ ముద్ద కలిపి చేతిలో పెట్టేది.

ఏకాదశి వద్దనడానికి నా సొంత కారణం ఇంకోటుంది. మా అబ్బాయికి ఐదేళ్లప్పుడు ఆ రోజే తీసుకెళ్లాను. రథం కదిలిందన్న కేక వినగానే జనం ఒక్కసారిగా అటు ఒరిగారు. నా చేతిలో ఉన్న వాడి వేళ్లు జారిపోయాయి. అరగంట వెతికాం. ఆ అరగంట గురించి ఇప్పటికీ ఇంట్లో మాట్లాడుకోం. చివరికి ఒక జీళ్ల కొట్టు ఆవిడ దగ్గర కనిపించాడు. బల్ల వెనకాల కూర్చోబెట్టి, చేతిలో ఒక జీడిముక్క పెట్టి, "మీ నాన్న వచ్చేదాకా చప్పరిస్తా ఉండు నాన్నా, కొరక్కూడదు" అందట. వాడు ఆ మాట మీదే ఉన్నాడు, సగం ముక్క ఇంకా చేతిలో ఉంది. వాడికి నా పేరు తెలుసు, ఊరు తెలుసు, ఫోన్ నెంబరు తెలీదు.

అప్పట్నుంచీ ఇల్లు దాటేముందే పిల్లల చేతి మీద, మోచేతికి పైన లోపలివైపు, బాల్ పెన్నుతో నెంబరు రాస్తాను. అరచేతిలో రాస్తే చెమటకీ పీచుమిఠాయికీ పది నిమిషాల్లో పోతుంది. ఒక నెంబరు కాదు, రెండు రాయండి. జనం మరీ ఎక్కువైతే తీర్థంలో ఫోన్లు కలవవు, అందుకని రెండోది ఇంటి దగ్గర ఉన్న మనిషిది రాయాలి. బయల్దేరేటప్పుడు ఆ రోజు వేసుకున్న బట్టలతో పిల్లలకి ఒక ఫోటో తీసి ఉంచుకోండి. కంగారులో చొక్కా ఏ రంగో ఎవరికీ గుర్తుకు రాదు, నాకూ రాలేదు. తప్పిపోతే ఎక్కడికి రావాలో కూడా ముందే చూపించండి. "జెయింట్ వీల్ కింద" అని మాత్రం అనకండి, అందరూ చేరేది అక్కడే. పోలీసులు మైకులో పేర్లు చదివే చోటు మంచిది. వెళ్లగానే పిల్లల్ని అక్కడికి నడిపించి, అక్కడున్నవాళ్లని వేలుపెట్టి చూపించాలి.

దారి సంగతి చిన్నదే. మేం పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి దిండి, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా వెళ్తాం. నరసాపురం వైపువాళ్లు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) తిరుగుతుంటే వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగొచ్చు. పిల్లలకి ఆ రోజు మొదటి ఆట అదే అవుతుంది. ఒకటే జాగ్రత్త. పొద్దున దిగేటప్పుడే రాత్రి ఆఖరి పంటు ఎన్నింటికో రేవులో అడిగి పెట్టుకోండి.

బట్టల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. తీర్థం కదా అని ఆడపిల్లలకి పట్టు పరికిణీ, ఓణీ వేస్తాం. వేయండి, ఫోటోలు తీసుకోండి. రాట్నాల దగ్గరికి వెళ్లేముందు ఓణీ తీసి సంచిలో పెట్టండి. పెద్దవాళ్లు చున్నీని నడుం చుట్టూ బిగించి ముడి వేసుకోవాలి. జడ ఎంత పొడుగ్గా ఉన్నా చుట్టి ముడి పెట్టి పిన్నులు గుచ్చాలి. తిరిగే ఇరుసు దగ్గరికి వేలాడే గుడ్డగానీ వెంట్రుకలుగానీ వెళ్తే అది వదలదు, మనం లాగేకొద్దీ చుట్టుకుంటుంది. నా షాపులో నేను ఈరోజుకీ కండువా వేసుకుని మోటారు ఆన్ చెయ్యను.

ముందు గుడి, తర్వాత సముద్రం, ఆ తర్వాతే రాట్నం

ఇంటి దగ్గర పన్నెండింటికి తేలిగ్గా తినేసి బయల్దేరితే రెండింటికల్లా అక్కడుంటారు. ఆ ఎండలో రాట్నాల ఇనుము చురుక్కుమంటుంది, ఆటలూ సగం తిరగవు. ఆ సమయం దర్శనానికి వాడుకోండి. స్వామి దర్శనం అయ్యాక గుర్రాలక్క గుడికి కూడా వెళ్లండి. అశ్వరూఢాంబిక అంటారు, స్వామికి చెల్లెలు. ఏకాదశి నాడు రథం ఆమె గుడి దగ్గర ఆగితే అన్నగారి తరఫున చీర ఇస్తారు. మా నాన్న అంతర్వేదిలో స్తంభం పాతిన రోజున రాట్నం మీద ఎవర్నీ ఎక్కించకముందు ఆమెకి కొబ్బరికాయ కొట్టి వచ్చేవాడు. "గుర్రాల మీద బతికేవాళ్లంరా మనం, గుర్రాలక్కకి చెప్పకుండా ఎలా తిప్పుతాం" అనేవాడు. ఆ కాయ చిప్ప తెచ్చి మొదట గుర్రాల నోటి దగ్గర పెట్టి, తర్వాత మాకు ముక్కలు చేసి ఇచ్చేవాడు. నాకు పదేళ్లొచ్చేదాకా ఆ గుర్రాలు రాత్రిపూట కొబ్బరి తింటాయనే అనుకునేవాణ్ణి.

గుడి నుంచి అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్తే వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూడొచ్చు. అక్కడ నీళ్లలోకి దిగనివ్వకండి, దూరం నుంచే చూపించండి. నది తోపు, అల లాగుడు రెండూ కలిసే చోట ఈతగాడు కూడా నిలబడలేడు. తడిసిన బట్టలతో, ఇసుక కాళ్లతో రాట్నం ఎక్కితే సీటు మీద జారతారు కూడా. నాలుగున్నరకల్లా వెనక్కి తిరిగితే ఎండ తగ్గి, ఆటలన్నీ ఊపు మీద ఉంటాయి.

టికెట్ కొనకముందు

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఏ ఆటైనా సరే, టికెట్ కౌంటరు దగ్గరికి వెళ్లకముందు ఆ ఆట ఒక రౌండు మొదట్నుంచి చివరిదాకా తిరిగేది నిలబడి చూడండి. పిల్లలు చెయ్యి పట్టి లాగుతారు. లాగనివ్వండి. అందరూ తలెత్తి పైన తిరిగే సీట్లు చూస్తారు. మీరు నేల చూడండి.

అంతర్వేదిలో నేల ఇసుక. రాట్నాన్ని నేరుగా ఇసుక మీద నిలబెడితే బరువుకి ఏదో ఒక కాలు దిగబడుతుంది. అందుకని ప్రతి కాలు కిందా చెక్క దిమ్మలు అడ్డంగా, నిలువుగా పేరుస్తారు. ఆట తిరుగుతున్నప్పుడు ఆ దిమ్మల్ని చూడండి. అవి కదలకూడదు. బరువు ఒకవైపు వచ్చినప్పుడల్లా దిమ్మ అంచు కొంచెం లేచి మళ్లీ కూర్చుంటుంటే, దాని పక్కన ఇసుక సన్నగా రాలుతుంటే ఆ ఆట వద్దు. నాన్న స్తంభం పాతేటప్పుడు నడుం లోతు గొయ్యి తీసి, అడుగున తాటి దుంగ ముక్క వేసి, దాని మీద స్తంభం దించేవాడు. చుట్టూ ఇసుక పోసి, బిందెలతో నీళ్లు కొడుతుంటే అన్నయ్యా నేనూ కాళ్లతో తొక్కేవాళ్లం. తడిసిన ఇసుక గట్టిగా పట్టుకుంటుంది, ఎండిందంటే వదిలేస్తుంది. అందుకే రోజూ పొద్దున్నే మళ్లీ నీళ్లు పోసి, స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, అప్పుడు టీ తాగేవాడు.

నేల తర్వాత పిన్నులు. జెయింట్ వీల్‌లో మనం కూర్చునే తొట్టె ఒక లావాటి ఇనప కడ్డీకి వేలాడుతుంది. ఆ కడ్డీ జారి బయటికి రాకుండా దాని చివర చిల్లు పెట్టి, అందులో రెండు కాళ్లున్న సన్నటి పిన్ను దూర్చి, కాళ్లు విడదీసి వంచుతారు. తొట్టె కిందికి వచ్చి జనం ఎక్కేటప్పుడు అది కాస్త తలెత్తితే కనబడుతుంది. అక్కడ ఉండాల్సింది ఆ పిన్నే. దాని బదులు కట్టుతీగ చుట్టి ఉన్నా, మేకు వంచి ఉన్నా, తాడు కట్టి ఉన్నా డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

కొన్నేళ్ల కిందట ఒక ఊరి ఎగ్జిబిషన్‌లో నేను సరిగ్గా అదే చూశాను. ఒక తొట్టెకి పిన్ను లేదు, తీగ ముక్క ఉంది. అక్కడున్న కుర్రాడికి చూపిస్తే "ఏం కాదు బాబాయ్, నిన్నట్నుంచి అలాగే తిరుగుతుంది" అన్నాడు. వాడితో వాదన పెట్టుకోకుండా వాళ్ల పెద్దాయన ఎక్కడున్నాడో కనుక్కుని తీసుకొచ్చాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆట ఆపించి, అందర్నీ దింపి, లారీలో ఉన్న పెట్టె తెరిచి కొత్త పిన్ను తెచ్చి తన చేత్తో వేశాడు. అంతటితో వదల్లేదు, మిగతా తొట్టెలన్నీ ఒక్కొక్కటే కిందికి తెప్పించి చూశాడు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి "చెప్పి మంచి పని చేశారండి" అన్నాడు. అందుకే అంటున్నాను, అనుమానం వస్తే ఎక్కకుండా వెళ్లిపోవడం ఒక్కటే చాలదు, పెద్దవాళ్లెవరో చూసి మర్యాదగా చెప్పండి. మన తర్వాత ఎక్కేవాళ్లు ఉంటారు.

బోల్టు తలల చుట్టూ చూడండి. నల్లగా మెరిసే గ్రీజు కనిపిస్తే మంచిదే, బట్టలకి అంటుతుందని చిరాకు పడకండి. ఎర్రటి సన్నటి పొడి కనిపిస్తే అది మంచిది కాదు. బిగుతు తగ్గి రెండు ఇనుములు ఒకదానికొకటి రాసుకుంటుంటే ఆ పొడి రాలుతుంది. వెల్డింగ్ అతుకుల దగ్గర పెయింటు గీతలా పగిలి, ఆ గీతలోంచి తుప్పు కారినట్టు కనిపించినా అంతే.

తర్వాత చెవి పెట్టండి. పాత రాట్నం చప్పుడు చేస్తుంది, దానికి భయపడక్కర్లేదు. ఒకే తీరుగా వచ్చే గరగర పర్వాలేదు. ప్రతి చుట్టుకీ ఒకే చోట టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం అక్కడ ఏదో వదులైనట్టే. వీల్ ఒకవైపు బరువెక్కి ఉన్నా మీకు వినబడుతుంది. ఆ వైపు పైకి లేచేటప్పుడు మోటారు మూలుగుతుంది, దిగేటప్పుడు ఉరుకుతుంది. పని తెలిసినవాడు ఈ కొసన ఇద్దర్ని ఎక్కిస్తే, సగం చుట్టు తిప్పి ఆ కొసన ఇద్దర్ని ఎక్కిస్తాడు. వరసగా నాలుగు తొట్టెలు ఒకేవైపు నింపేస్తున్నాడంటే వాడు కొత్తవాడు. అలాంటి చోట తిరిగిన మోటార్లు కాయిల్ మాడిపోయి నా దగ్గరికి వస్తాయి. వార్నిష్ మాడిన ఘాటు వాసన మీకు ఆట దగ్గరే తగిలితే అది ఇంకాసేపట్లో ఆగిపోతుందని అర్థం.

ఆఖరుగా మనిషిని చూడండి. స్విచ్చు దగ్గర ఉన్నవాడి చెయ్యి ఆట తిరిగినంతసేపూ స్విచ్చు మీద ఉండాలి, కళ్లు సీట్ల మీద ఉండాలి. అడ్డకడ్డీ వేశాక ఒకసారి తన వైపుకి లాగి చూస్తున్నాడా లేదా గమనించండి. లాగి చూసే అలవాటున్నవాడి ఆట నేను ధైర్యంగా ఎక్కుతాను. జెనరేటర్ నుంచి వచ్చే వైర్లు ఇసుకలోనే పడి ఉంటాయి, టేపు చుట్టిన అతుకులు కూడా ఉంటాయి. పిల్లల్ని వాటి మీద నుంచి నడవనివ్వకండి, చుట్టూ తిరిగి రండి.

ఇదంతా చదివితే పెద్ద పనిలా ఉంది గానీ మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఒక రౌండు తిరిగేలోపు.

ఎక్కడ కూర్చోవాలి

రంగులరాట్నంలో రెండు వరసలుంటే చిన్నవాళ్లని లోపలి వరసలో కూర్చోబెట్టండి. రెండు వరసలూ ఒకేసారి చుట్టు పూర్తి చేస్తాయి, బయటిది పెద్ద చుట్టు కాబట్టి ఆ గుర్రం ఎక్కువ వేగంగా పోతుంది. కళ్లు తిరిగే పిల్లలకి నాన్న చెప్పే చిట్కా ఒకటుంది. "బయటికి చూడకు, నీ గుర్రం చెవి చూడు" అనేవాడు. నాన్న చెక్కించిన గుర్రాలకి చెవులు కొంచెం పెద్దవిగా, లోపల ఎర్రరంగుతో ఉండేవి, అందుకేనేమో. మనతో పాటు తిరిగేదాన్ని చూస్తుంటే తల తిప్పదు, బయట పరిగెత్తే జనాన్ని చూస్తేనే తిప్పుతుంది. మా అమ్మాయి కారులో కడుపులో తిప్పుతుందనే పిల్ల, గుర్రం చెవి చూస్తూ మూడు ఆటలు తిరిగింది.

ఉయ్యాలలా అటూ ఇటూ ఊగే కొలంబస్ పడవలో కొసన కూర్చుంటే బాగా పైకి లేస్తారు, కడుపులో చల్లగా జారేది అక్కడే. మొదటిసారి ఎక్కేవాళ్లు మధ్య వరసలో కూర్చోండి. బ్రేక్ డాన్స్ అనే ఆటలో సీటు గిరగిరా తిరిగేటప్పుడు మనిషి బయటివైపుకి ఒరిగిపోతాడు. అందుకని బరువున్నవాళ్లు బయటివైపు, పిల్లలు లోపలివైపు కూర్చోవాలి. తిరగేసి కూర్చుంటే మన బరువంతా పిల్లల మీద పడుతుంది. గర్భిణులు, గుండె జబ్బు, నడుంనొప్పి, మెడనొప్పి ఉన్నవాళ్లు ఈ రెండూ ఎక్కకూడదు. ఎవరో ఉడికించారని ఎక్కకండి.

గాలి నింపిన జారుడుబండల మీద పిల్లల్ని వదిలి బయట టీకి వెళ్లొద్దు. దాన్ని నిలబెట్టేది వెనకాల తిరిగే ఒక్క ఫ్యాను. కరెంటు పోతే మెల్లగా కూలి మీద పడుతుంది, వెంటనే పిల్లల్ని బయటికి లాగే మనిషి ఉండాలి. పెద్దపిల్లలూ చిన్నపిల్లలూ ఒకేసారి ఎగురుతుంటే కాసేపాగి పంపండి.

బావిలో మోటార్ సైకిల్ తిప్పే ఆట ఉంటే తప్పక చూపించండి. చెక్కల గోడ మీద నిట్టనిలువునా బండి తిరుగుతుంటే మనం నిలబడ్డ గ్యాలరీ కాళ్ల కింద వణుకుతుంది, పెట్రోలు పొగ ముక్కుల్లోకి వస్తుంది. పడిపోడా అని పిల్లలు అడుగుతారు. చెంబులో నీళ్లు పోసి గిరగిరా తిప్పితే తలకిందులైనా నీళ్లు ఒలకవు కదా, అలాగే వేగం బండిని గోడకి అదిమి పెడుతుంది, వేగం తగ్గితే జారుతుంది అని చెప్పండి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవద్దు, అంచు మీదకి వంగనివ్వద్దు. కొంతమంది నోటు చాచి పట్టుకుంటే తిప్పేవాడు చెయ్యి వదిలి అందుకుంటాడు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ నేను ఆట అయ్యాక కిందికి వెళ్లి చేతికిస్తాను. అతను రెండు చేతులూ బండి మీద పెట్టి తిప్పినా నాకు అంతే ఆనందం.

బుడగలు కాల్చడం, రింగులు వేయడం లాంటివి పిల్లలకి ఒక్కో ఆట ఇప్పించి వచ్చేయండి.

తిండి, చీకటి పడ్డాక

తిరిగే ఆటలన్నీ అయ్యాకే తిండి. మిరపకాయ బజ్జీ తిని కొలంబస్ ఎక్కిన పిల్లాడి సంగతి పక్కన కూర్చున్నవాళ్లని అడగాలి. పీచుమిఠాయి, చెరుకు ముక్క పర్వాలేదు. నీళ్లు ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్లండి.

జీళ్లు ఎక్కడపడితే అక్కడ కొనకుండా, చేసే చోటు వెతికి అక్కడే కొనండి. పిల్లల్ని కాసేపు నిలబెట్టండి. ముదురు పాకాన్ని గుంజకి తగిలించి లాగుతారు, మడత పెడతారు, మళ్లీ లాగుతారు. మొదట గోధుమరంగులో ఉన్న ముద్ద లాగేకొద్దీ గాలి పట్టి తెల్లబడుతుంది, పట్టుదారంలా మెరుస్తుంది. అప్పుడు నువ్వులు అద్ది ముక్కలు కొడతారు. మా అబ్బాయి దొరికిన కొట్టు ఏటా అదే వరసలో వేస్తారు. ఆవిడ వాణ్ణి చూడగానే "కొరక్కుండా తింటున్నావా?" అని అడుగుతుంది. వాడికిప్పుడు మీసాలొచ్చాయి. సిగ్గుపడుతూ తలూపి, డబ్బులిచ్చి పొట్లం తీసుకుంటాడు.

జెయింట్ వీల్ ఆఖరికి ఉంచుకోండి, సరిగ్గా దీపాలు వెలిగే వేళకి. ఎక్కేముందు కళ్లజోడు, ఫోన్లు, జేబులో చిల్లర తీసి కింద ఉన్నవాళ్లకి ఇవ్వండి. పైనుంచి జారితే కింద ఎవరి తల మీద పడుతుందో తెలీదు. పిల్లాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని, తొట్టె ఊగినా లేచి నిలబడకుండా చూసుకోవాలి. పైకి వెళ్లాక ఒకవైపు సముద్రం నల్లగా, లైట్‌హౌసు వెలుగు తిరుగుతూ, ఇంకోవైపు సరుగుడు తోటలు, వాటి వెనక కొబ్బరి చెట్లు, కింద తీర్థమంతా దీపాల ముద్దలా కనబడుతుంది. నాన్నని నేను ఒక్కసారే జెయింట్ వీల్ ఎక్కించాను, ఆయన పెద్దవాడయ్యాక. తోసేవాడే తప్ప జీవితంలో రాట్నం ఎక్కినవాడు కాదు. పైన ఆగినప్పుడు సముద్రం చూస్తాడనుకున్నాను. ఆయన కిందికి వంగి, మేం ఎప్పుడూ స్తంభం పాతే చోటు ఎక్కడో వెతుక్కున్నాడు. "అదిగోరా, ఆ నీళ్ల ట్యాంకు పక్కన" అన్నాడు.

మీరు పైన ఉండగా కరెంటు పోతే కంగారు పడొద్దు, కేకలు వేస్తూ తొట్టెని ఊపొద్దు. వీల్‌ని చేత్తో తిప్పి ఒక్కో తొట్టెనీ కిందికి దింపడం ఆ పని తెలిసినవాళ్లకి కొత్త కాదు. జెనరేటర్ అందుకునేదాకా పిల్లలకి కబుర్లు చెబుతూ కూర్చోండి. తొట్టె కిందికి వచ్చి పూర్తిగా ఆగి, అడ్డకడ్డీ వాళ్లే తీసేదాకా దిగకండి.

తిప్పేవాళ్లతో మాట్లాడండి. "ఏ ఊరండీ మీది, ఇక్కణ్ణుంచి ఎటు వెళ్తారు?" అని అడిగితే మొహం విప్పారుతుంది. చాలామంది పెళ్లాం పిల్లలతో ఆ లారీ పక్కన గుడారంలోనే ఉంటారు. దిగేటప్పుడు "బాగా తిప్పారండీ" అని ఒక మాట అనండి. మా నాన్నకి ఎవరైనా అలా అంటే, "ఆయ్, మళ్లీ రండి" అని, రాత్రి అన్నం తింటూ అమ్మకి ఆ మాట రెండుసార్లు చెప్పేవాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఇరుగుపొరుగుకి పంచడానికి జీళ్లు ఎలాగూ తెస్తారు. కాగితం పొట్లంలో అలాగే వదిలెయ్యకండి, మన వైపు గాలిలో తేమ ఎక్కువ, తెల్లారేసరికి ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి. వచ్చిన వెంటనే, ఎంత నిద్రొస్తున్నా, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో అడుగున కాసిన్ని పొడి మరమరాలు పోసి, వాటి మీద పెట్టి మూతెయ్యండి.